మూడు యాప్‌లు, ఒక కుర్చీ

2023 ఏప్రిల్ మొదటి వారంలో, పదవీ విరమణకు ఇంకా పధ్నాలుగు నెలలు ఉండగా, నాకొక కొత్త పని అప్పగించారు. అప్పుడు నేను ఘాజియాబాద్‌లో ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో ప్రజాసంబంధాల విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. పుట్టింది నరసాపురం, కాపురం ఢిల్లీలోని ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో. రోజూ మెట్రోలు మారుతూ ఆఫీసుకు వెళ్లేదాన్ని. అక్కడ అందరికీ నేను ‘రావు మేడమ్’ని. నా సొంత పేరు సర్వీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినిపించేది కాదు.

నాలుగు ముక్కల్లో ఒక మాట రాసి నలుగురికీ కనిపించేలా పెట్టడం, కావలసినవాళ్లు మనల్ని అనుసరించడం, కింద జవాబులు రాయడం. మైక్రోబ్లాగింగ్ అంటే ఇంతే. కరెంటు ఆఫీసుకు దీనితో ఏం పని అని మా నాన్నగారు బతికి ఉంటే అడిగేవారు. పని ఉంది. రిపేరు కోసం ముందే చెప్పి సరఫరా ఆపడాన్ని మేము షట్‌డౌన్ అంటాం. ఆ కబురు కాలనీలకు అందాలి. చెప్పకుండా కరెంటు పోయినప్పుడు జనం తిట్టడానికి కూడా ఒక చోటు కావాలి. ఈ రెండూ ఒకే చోట జరిగే సౌకర్యం అప్పటికి ఆరేళ్లుగా మాకు ఉంది.

ఆ ఏడాది మూడు సర్వీసులు పోటీకి వచ్చాయి. ఒకటి, అప్పటికే మేము వాడుతున్నది. దాన్ని ఆఫీసులో ‘పాతది’ అనేవాళ్లం. రెండోది మన దేశంలోనే తయారై, మన భాషల్లో రాసుకోవడానికి అనువుగా ఉన్న ‘దేశీది’. మూడోదానికి యజమాని అంటూ ఒకరుండరు. ఎవరి సర్వరు వాళ్లు నడుపుకుంటారు, ఎవరి నియమాలు వాళ్లవి, అయినా ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. హౌసింగ్ సొసైటీలకు వేరువేరు గేట్లు, వేరువేరు వాచ్‌మెన్లు ఉన్నా ఈ గేటువాళ్లు ఆ గేటులోకి చుట్టపుచూపుగా వెళ్లివచ్చినట్టు. దాన్ని మేము ‘సర్వర్లది’ అన్నాం. ఆరు వారాలు మూడింటిలోనూ ఒకే నోటీసులు పెట్టి చూసి, ఒకదాన్ని సిఫారసు చేస్తూ పోలిక నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత జవాబులు రాయడానికి మంజూరైన కుర్చీ మాత్రం ఒక్కటే.

నా విభాగంలో ఈ పని చేసేవాళ్లు ఇద్దరు. మొదటి మనిషి కమలేశ్, సీనియర్ అసిస్టెంటు. పందొమ్మిదేళ్లు ఫిర్యాదుల గదిలో టెలిఫోను ఎత్తి, ఆ తర్వాత పాతదానిలో జవాబులు రాస్తున్న మనిషి. యాభై దాటింది, రెండు వేళ్లతో టైపు చేస్తుంది, కళ్లద్దాలు ఎప్పుడూ జుట్టులోనే ఉంటాయి. రెండోవాడు త్యాగి. కంప్యూటర్ చదువు చదివి కొత్తగా చేరిన కుర్రవాడు, చురుకైనవాడు. పాతది కమలేశ్‌కి, దేశీది త్యాగికి ఇచ్చి, సర్వర్లది నేను తీసుకున్నాను. ఆఫీసు ఆర్డరు కూడా నేనే డ్రాఫ్టు చేశాను. అందులో ఆఖరి వాక్యం ఇలా ఉంది: ఎంపికైన సర్వీసును చూస్తున్నవారు కొనసాగుతారు, మిగిలినవారు తమ మాతృ విభాగానికి తిరిగి వెళతారు. ఇలాంటి వాక్యాలు మా చేతికి అలవాటు. వెనకటి ఆర్డర్లలోంచి ఎత్తి అతికిస్తాం.

కమలేశ్ మాతృ విభాగం మోదీనగర్‌లోని మీటర్ల గోదాము. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడు నాకు తట్టలేదు. ఆర్డరు కాపీ అందుకున్న సాయంత్రం ఆమె టీ గ్లాసుతో నా గదిలోకి వచ్చి నిలబడింది. బతిమాలలేదు. గోదాములో ఎన్ని మీటర్లు ఉంటాయని మాత్రం అడిగింది. వేలల్లో ఉంటాయేమో అన్నాను.

“అచ్ఛా” అంది. “మీటర్లు మాట్లాడవు కదా మేడమ్‌జీ.”

అప్పుడు వెలిగింది నాకు, నేను ఏం రాశానో. ఆర్డరు నంబరు పడి, జనరల్ మేనేజరు దాకా వెళ్లిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు గవర్నమెంటు కొలువుల్లో అందరికీ ఉంటుంది. ఆ రోజు నాకూ పట్టింది.

జనరల్ మేనేజరు మల్హోత్రా గారు చెడ్డమనిషి కారు. ఇంజినీరు, పనిమంతుడు, నవ్వితే గది అదురుతుంది. కాకపోతే నివేదిక రాకముందే ఆయనకు తీర్పు తెలుసు. పైవాళ్లకు దేశీది నచ్చిందని, మనం ముందుంటే మంచిదని నాతో నోటిమాటగా అన్నారు. ఫైలు మీద మాత్రం నిష్పక్షపాతంగా పరిశీలించవలెను అని రాశారు. నోటిమాటకూ రాతకూ మధ్య ఉండే ఈ సందులోనే నా ముప్పై నాలుగేళ్ల సర్వీసు గడిచింది.

నేను పద్ధతి ప్రకారం ఒక పట్టిక తయారు చేశాను. పదిహేడు అంశాలు. అక్షరాల పరిమితి ఎంత, హిందీ టైపింగు ఎలా ఉంది, ఫోటో పెట్టవచ్చా, మనది అసలు ఖాతా అని గుర్తు ఎలా వస్తుంది, నోటీసులు వేసిన వరుసలోనే కనిపిస్తాయా లేక యాప్ తన ఇష్టం వచ్చినట్టు పైకీ కిందకీ జరుపుతుందా, ఇలాంటివి. ఒక్కో అంశానికి పది మార్కులు. ఆ పట్టికను చూసుకుని నేను మురిసిపోయిన మాట నిజం. రంగులు కూడా వేశాను.

రెండు వారాలు గడిచేసరికి దేశీదానిలో మా ఖాతాను అనుసరించేవాళ్లు చాలా తక్కువగా ఉన్నారని తేలింది. మల్హోత్రా గారికి అది నచ్చలేదు. ఉద్యోగులందరూ దేశీదానిలో చేరి సంస్థ ఖాతాను అనుసరించాలని, చేరినట్టు స్క్రీన్‌షాట్ తమ సెక్షన్ అధికారికి ఇవ్వాలని, సెక్షన్ల వారీగా అమలు నివేదిక పంపాలని ఒక సర్క్యులరు వెళ్లింది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా! ఆ సర్క్యులరు మీద సంతకం నాది. ఆయన చెప్పారు కాబట్టి పెట్టానని ఇప్పుడు అనడం సులువే. నిజానికి ఆ రోజు నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

నాలుగు రోజుల్లో మా దేశీ ఖాతా పెళ్లివారిల్లయిపోయింది. లైన్‌మెన్లు, స్టోర్‌కీపర్లు, డ్రైవర్లు, అకౌంట్స్ వాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు, ఆఖరికి పోయిన నెల రిటైరైనవాళ్లు కూడా చేరారు. చేరి ఊరుకోలేదు. చేరినట్టు పైవాళ్లకు తెలియాలి కదా, ప్రతి నోటీసు కింద హాజరు వేయించుకోసాగారు. ‘రేపు పది నుంచి రెండు వరకు సరఫరా ఉండదు’ అని త్యాగి పెడితే, కింద వరసగా ‘గుడ్ మార్నింగ్ సర్’, ‘నోటెడ్ సర్’, ‘చాలా మంచి నిర్ణయం సర్’ అని జవాబులు. మంచుబిందువులతో గులాబీల బొమ్మలు. ఒక స్టోర్‌కీపరైతే కరెంటు కోతకు హృదయపూర్వక శుభాకాంక్షలు తెలిపాడు. ఆ గులాబీల మధ్య ఒక కాలనీ మనిషి దొరికాడు. మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయి చెమటలు కారుతుంటే మీకు ఇదేం పండగ అని అడిగాడు. అతనికి కూడా ఎవరో ‘గుడ్ మార్నింగ్ సర్’ అన్నారు.

నేనూ త్యాగీ కడుపు పట్టుకుని నవ్వాం. కమలేశ్ నవ్వలేదు. పట్టికలో దేశీది అందనంత పైకి వెళ్లిపోయింది, ఆమె గోదాముకు వెళ్లడం దాదాపు ఖాయమైంది. నా నవ్వు మధ్యలోనే ఆగింది.

నాలుగో వారంలో త్యాగి అక్క పెళ్లి వచ్చింది. మీరట్‌లో పెళ్లి, పది రోజుల సెలవు. ఎవరైనా సెలవు పెడితే ఆ పని చూసేవాళ్లను మా దగ్గర లింక్ ఆఫీసర్ అంటారు. త్యాగికి లింకు కమలేశ్. ఆమె దేశీది చూస్తుంటే పాతది ఎవరు చూడాలి? నేనే. సర్వర్లదానిలో నాకు పెద్దగా పనిలేదు. అక్కడ మమ్మల్ని అనుసరించేవాళ్లలో సగం మంది కంప్యూటర్ నిపుణులు. కరెంటు పోతే మమ్మల్ని అడగకుండా కరెంటు ఎందుకు పోతుందో మాకే వివరించేవాళ్లు.

పాతదాని ముందు ధీమాగా కూర్చున్నాను. జర్నలిజంలో పట్టా, సర్వీసులో అనుభవం, మర్యాదైన భాష. ఎవరైనా కరెంటు పోయిందంటే ‘మీ ఫిర్యాదు నమోదైంది. దయచేసి పోల్ నంబరు తెలుపగలరు’ అని వెంటనే రాశాను. స్తంభం నంబరు తెలిస్తేనే జూనియర్ ఇంజినీరు (జేఈ) లైన్‌మన్‌ని పంపుతాడు, అది నియమం. కానీ ఎండలో నిలబడి మెడ ఎత్తి స్తంభం మీద చెరిగిపోయిన అంకెలు చదివే ఓపిక ఎవరికుంటుంది? రెండో రోజుకే ఒకాయన సూటిగా అడిగాడు, ఇంతకుముందు ఉండే మనిషి ఏరీ అని. మూడో రోజు ఒకావిడ, మీరు కొత్తవాళ్లా, ఛోలే కుల్చే బండి దగ్గర స్తంభం అంటే ఆమెకు ఇట్టే తెలుస్తుంది అని రాసింది. నిజం చెప్పడంలో తప్పేముందని, ఆమె ప్రస్తుతం దేశీదానిలో ఉన్నారని జవాబిచ్చాను.

తెల్లారేసరికి పాతది బోసిపోయింది. నేను మంచి భాషలో పెట్టిన నోటీసులు అలాగే పడి ఉన్నాయి. పక్క సీట్లో కమలేశ్ తల ఎత్తడం లేదు. ఏమైందని లేచి చూస్తే, గులాబీల మధ్యలోంచి దారి చేసుకుంటూ కాలనీల సంక్షేమ సంఘాల సెక్రటరీలు, కొట్లవాళ్లు, గృహిణులు దేశీదానిలోకి వచ్చి ఆమెను పట్టుకున్నారు. ఒక్కో సెక్రటరీ తన సొసైటీ వాట్సాప్ గ్రూపులో కొత్త చిరునామా కూడా వేశాడట. ముప్పై నాలుగేళ్ల సర్వీసున్న డిప్యూటీ జనరల్ మేనేజర్ని జనం నాలుగు రోజుల్లో తిరగ్గొట్టారు. ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉండింది కానీ, లోపల ఎందుకో సంతోషం పొంగింది.

ఆమె డెస్కు సొరుగులో ఒక నోటుబుక్కు ఉంది. టెలిఫోను రోజుల్లో మొదలుపెట్టింది. ఎడమ వైపు జనం చెప్పే గుర్తులు, కుడి వైపు స్తంభం నంబరు. మదర్ డెయిరీ పాల బూత్ పక్కన, గురుద్వారా వెనక గోడ, ఎర్ర గేటు డాక్టరు ఇల్లు, టైర్లు వేలాడే కొట్టు. ఆ కొట్టు మూతపడి మొబైల్ షాపు వస్తే, పాతది కొట్టేయకుండా కింద కొత్తది రాసింది. ముసలివాళ్లు ఇంకా టైర్ల కొట్టనే అంటారని ఆమె వివరణ. ఎవరైనా కరెంటు పోయిందంటే నంబరు అడగదు. బూత్ అవతలా, ఇవతలా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో అవతలి మనిషికి తెలిసిపోతుంది, ఈమెకు మన వీధి తెలుసని.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక సలోమీ కనిపించింది. భీమవరం వైపు అమ్మాయి, ఘాజియాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు, కోయిర్‌లో పాడుతుంది. మా వినియోగదారు కూడా. వాళ్ల వీధికి మేము ఇచ్చే కరెంటే. ఏ సర్వీసు వాడుతున్నావు, ఎందుకు అని నా పట్టికలోని పదిహేడు అంశాలూ మనసులో పెట్టుకుని అడిగాను.

“యాప్ పేరు నాకేం గుర్తుంటాదండీ ఆంటీ? ఆవిడెక్కడుంటే అదే” అంది. “నాకీ నెలంతా నైట్ డ్యూటీలు. పొద్దున్నొచ్చి పడుకుంటే పదింటికి కరెంటు తీసేత్తారు. మొన్న ఆవిడ్నడిగితే, మీ గల్లీ రెండో ఫీడరు మీదుంది బేటీ, మీకు పన్నెండింటికే వచ్చేత్తది, టిఫిను చేసి అప్పుడు పడుకో అంది. టంచనుగా పన్నెండింటికొచ్చేసింది. ఆవిడ రేపు ఇంకోదాంట్లోకెళ్తే నేనూ ఆ ఇంకోదాంట్లోకే ఎళ్తాను. మీరుగానీ మార్చేత్తారా ఏంటండీ ఆవిణ్ణి?”

ఫీడరు అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు మోసే లైను. నోటీసులో మేము కాలనీ మొత్తానికి పది నుంచి రెండు అని రాస్తాం. ఏ వీధి ఏ ఫీడరు మీద ఉందో నోటీసులో ఉండదు. కమలేశ్ సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి కనుక్కుని చెప్పేదట. ఆ పని ఆమె ఉద్యోగ విధుల జాబితాలో ఎక్కడా లేదు.

సోమవారం పట్టికను పక్కన పెట్టి ఉద్యోగుల జాబితా తెప్పించాను. సెలవు ముగించుకుని త్యాగి లడ్డూల పెట్టెతో వచ్చాడు. లడ్డూలు తింటూ ముగ్గురం కూర్చుని, దేశీదానిలో మమ్మల్ని అనుసరిస్తున్నవాళ్లలో మా వాళ్లను ఒక్కొక్కరినే తీసేశాం. గులాబీలన్నీ రాలిపోయాయి. మిగిలింది కొద్దిమంది. వాళ్లలోనూ ఎక్కువమంది త్యాగి సెలవులో ఉన్న పది రోజుల్లో వచ్చినవాళ్లే. ఆ సంగతి మొదట చూసింది త్యాగే. తన గీతే చిన్నదవుతుందని తెలిసీ, వేలు పెట్టి చూపించాడు. ఆ కుర్రవాడి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

నివేదిక మూడు పేజీలు రాశాను. ఉద్యోగులను చేర్పించిన సర్క్యులరు వల్ల లెక్క చెడిపోయిందని, ఆ సర్క్యులరు మీద సంతకం నాదేనని మొదటి పేరాలోనే ఒప్పుకున్నాను. మూడు సర్వీసుల గుణాలలో తేడాలు ఉన్నా, జనం వాటిని చూసి ఎంచుకోవడం లేదని, తమ వీధి తెలిసిన జవాబు ఎక్కడ దొరికితే అక్కడికి వస్తున్నారని రాశాను. సర్వీసు ఏదైనా కావచ్చు, కమలేశ్‌ను కదపరాదు, నా ఆర్డరులోని ఆఖరి వాక్యం రద్దు చేయాలి. ఇదీ సిఫారసు.

మల్హోత్రా గారు చదివి కనుబొమలు ఎత్తారు. నేను ఏ సర్వీసు అని అడిగితే మీరు ఒక మనిషి పేరు రాశారేమిటి అన్నారు. ఇది పోలిక నివేదికా, ప్రశంసాపత్రమా అని కూడా అన్నారు. వాదించకుండా, సార్, మీరే ఒకసారి అడిగి చూడండి అన్నాను. ఆయన అధికారి ఖాతా వదిలి, ఇంటావిడ పేరు మీద ఉన్న ఖాతా ఫోనులో తెరిచారు. దేశీదానిలో, వసుంధర కాలనీలో పార్కు దగ్గర లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి అని రాశారు. అంతే. బ్లాకు లేదు, ఇంటి నంబరు లేదు. అది ఆయన సొంత వీధి సంగతి. వారం రోజులుగా ఇంట్లో చీవాట్లు తింటున్నారట, ఆఫీసులో చెప్పుకోవడానికి నామోషీ.

ఇద్దరం టీ తెప్పించుకుని ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. గ్లాసు సగం అయ్యేసరికి, ఇంకా దేశీదాని ముందే ఉన్న కమలేశ్ జవాబుతో మోగింది. మల్హోత్రా గారు పైకి చదివారు. ‘ఏ పార్కు దీదీ, ఉయ్యాలలదా, ఫౌంటెన్ పాడైనదా? ఫౌంటెన్‌దైతే అక్కడ ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు ఎక్కువైంది, జేఈ సాబ్ నాలుగింటికి వస్తున్నారు. అప్పటిదాకా ఒకటికి మించి ఏసీలు వేయకండి, లేకపోతే ఫ్రిజ్ పాడవుతుంది.’

ఆయన ఒక్క క్షణం ఫోను వంక చూశారు. తర్వాత నవ్వారు చూడండి, బయట ప్యూన్లు తలుపు తీసి తొంగిచూశారు. ఫౌంటెన్‌దే, ఫౌంటెన్‌దే అని కళ్లు తుడుచుకున్నారు. ఆ ఫౌంటెన్ పాడైన సంగతి పార్కువాళ్లకే ఇంకా తెలియదట.

ఫైలు మీద ఆయన నోటింగ్ నాకు కంఠతా వచ్చు. దేశీ సర్వీసు ఆమోదించడమైనది. కమలేశ్ కొనసాగుతారు. త్యాగి ఆమె వద్ద శిక్షణ పొందుతారు. పాత ఖాతా కూడా తెరిచి ఉంచి, వచ్చినవారికి దారి చూపవలెను. ఆఖరి వాక్యం రద్దు. అంటే ఆయన కోరిన సర్వీసు ఆయనకు దక్కింది, నేను కోరిన మనిషి నాకు దక్కింది. ఒక కుర్చీ చాలదని మరో కుర్చీకి మంజూరు కూడా తెచ్చారు. ఆర్డరు కాపీ చేతికిస్తే కమలేశ్ రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. “ఠీక్ హై మేడమ్‌జీ, మరి లైన్లో తొమ్మిదిమంది ఉన్నారు” అని స్క్రీను వైపు తిరిగిపోయింది.

రిటైరయ్యాక ఒకటి రెండు కార్యాలయాలవాళ్లు, ఈ మైక్రోబ్లాగింగ్ సర్వీసుల్లో మాకేది మంచిదని సలహాకు పిలిచారు. అక్షరాల పరిమితి, ధ్రువీకరణ గుర్తు, సర్వర్లు ఎక్కడ ఉంటాయి అన్నవి అన్నీ చూడవలసినవే, నేనూ చూసి చెబుతాను. కానీ ముందుగా రెండు విషయాలు అడుగుతాను. జవాబులు రాయడానికి ఎవరిని కూర్చోబెడుతున్నారు? ఆ మనిషిని ఎన్నాళ్లు కదపకుండా ఉంచగలరు? రెండో ప్రశ్నకు సమాధానం చెప్పలేనివాళ్లకు నేను ఇంతవరకు ఏ సర్వీసూ సిఫారసు చేయలేదు.